ఒకసారి నోరు తెరవండి



మా నాయనమ్మ చుట్ట కాల్చేది. మీలో చాలామందికి తోచే పద్ధతిలో కాదు. ముందు మామూలుగా వెలిగించి, నాలుగు దమ్ములు లాగి, నిప్పు బాగా రాజుకున్నాక చుట్టను తిప్పి, ఆ నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకునేది. బయటికి కనిపించేది చల్లటి కొస. చెరువు గట్టున బట్టలు ఉతికేటప్పుడు, మళ్ళో నాట్లు వేసేటప్పుడు, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ చుట్ట అలాగే ఉండేది. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో దీన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, చినుకుకి తడవదు, బూడిద చేసే పని మీద రాలదు, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. "సుట్ట లేకపోతే సెయ్యాడదురా" అనేది. మగవాళ్ళలోనూ ఉండేది గానీ, మా వైపు అడ్డపొగ ముఖ్యంగా ఆడవాళ్ళ అలవాటు.

పిల్లలుగా మాకది పెద్ద వింత. నోరు కాలదా నాయనమ్మా అని అడిగితే, చుట్ట తీసి, నోరు బార్లా తెరిచి చూపించేది. పైన అంగిలి తెల్లగా, మందంగా, ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉండేది. ఆ తెలుపు మధ్యలో సన్నటి ఎర్ర చుక్కలు. ముసలివాళ్ళ నోరు అలాగే ఉంటుంది కాబోలు అనుకునేవాళ్ళం.

ఒక ఏడాది దసరా సెలవులకు ఊరెళ్ళేసరికి ఆమె చారన్నం కూడా తినలేకపోతోంది. ఉప్పు తగిలినా మంట, కారం తగిలినా మంట. మా నాన్న పక్క ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నాడి చూశాడు, కళ్ళు చూశాడు, నీరసమన్నాడు, బలానికి బిళ్ళలు రాశాడు. నోరు తెరవమని మాత్రం అనలేదు. ఆయన పేరు చెప్పను. నలభై ఏళ్ళ కిందటి మాట, ఆయన మంచివాడు. కానీ ఆ బిళ్ళలు మింగుతూ నాలుగు నెలలు గడిచాయి. సంక్రాంతి వెళ్ళాక పెద్దాసుపత్రిలో ముక్క పరీక్ష చేసి రాచపుండు అని చెప్పేనాటికి అంగిలికి చిల్లు పడింది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. మళ్ళీ దసరా ఆమె చూడలేదు.

నేను దంతవైద్యుణ్ణి అయ్యాక ఒక సంగతి తెలిసి, చాలా రోజులు నిద్రపట్టలేదు. మా నాయనమ్మ అంగిలి మీద కనిపించిన ఆ తెలుపును, ఆ ఎర్ర చుక్కలను, నేను పుట్టకముందే వైద్యులు చూసి, రాసి, అచ్చు వేశారు. అది ఎక్కడో దూరదేశంలో జరగలేదు. విశాఖపట్నంలోనే జరిగింది.

ప్రపంచంలో మిగతాచోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. నాలుకకు, బుగ్గకు, చిగురుకు వస్తుంది గానీ అంగిలికి తక్కువ. అలాంటిది విశాఖ ఆసుపత్రికి అంగిలి పుళ్ళతో మనుషులు వస్తూనే ఉన్నారు. ఆంధ్ర వైద్య కళాశాలలో డాక్టర్ గోవిందరెడ్డి, ఆయన సహాధ్యాపకులు దీన్ని గమనించారు. వచ్చినవాళ్ళను చుట్ట తాగుతారా అని అడిగి వదిలిపెట్టలేదు. ఎలా తాగుతారు అని అడిగారు. నా దృష్టిలో పరిశోధన అంటే ఆ రెండో ప్రశ్నే. 1957లో వాళ్ళు అచ్చు వేసిన వ్యాసం సారాంశం ఒక్కమాటలో చెప్పొచ్చు: కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు కారణం, నిప్పు కొస లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం.

ఆ తర్వాత బొంబాయి నుంచి కొందరు వచ్చారు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పేరు మీరు వినే ఉంటారు, హోమీ భాభా స్థాపించిన సంస్థ. పరమాణువుల గురించి ఆలోచించే ఆ చోట దంతవైద్య పరిశోధన విభాగం కూడా ఒకటి ఉండేది. దాన్ని నడిపింది డాక్టర్ ఫాలీ మెహతా. ఆయనతో కలిసి పనిచేసినవారిలో డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్ ఒకరు. వీళ్ళ బృందం 1960ల చివర్లో దేశంలో ఐదు జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళింది. గుజరాత్‌లో భావ్‌నగర్, కేరళలో ఎర్నాకుళం, బీహార్‌లో అప్పటి సింగ్‌భూమ్, దర్భంగా, మన రాష్ట్రంలో శ్రీకాకుళం. మొత్తం 50,915 మంది నోళ్ళు చూశారు. ఆసుపత్రిలో కూర్చుని రోగి వచ్చేదాకా ఎదురుచూడకుండా, రోగం రాకముందే మనిషి గుమ్మంలోకి వెళ్ళి నోరు తెరవమన్నారు.

శ్రీకాకుళం జిల్లాలో వాళ్ళు పరీక్షించిన పల్లె జనం 10,169 మంది. అందులో నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవాళ్ళే. పిండ్‌బోర్గ్, మెహతా, వారి సహచరులు 1971లో బ్రిటన్ క్యాన్సర్ పత్రికలో దాన్ని ప్రచురించారు. అంగిలి మీద వచ్చే మార్పులన్నిటినీ ఒక్కొక్కటిగా వర్ణించారు. తెల్లబారడం, మందం కావడం, ఎర్రటి మచ్చలు, లాలాజల గ్రంథుల నోళ్ళు చుక్కల్లా ఉబ్బడం, అక్కడక్కడా పొర రంగు పోవడం. అదంతా చదువుతుంటే నాకు మా నాయనమ్మ నోరు తెరిచి నవ్విన రోజు గుర్తొచ్చింది.

ఆ బృందం అక్కడితో ఆగలేదు. అవే ఊళ్ళకు, అవే ఇళ్ళకు, అవే మనుషుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళారు. పదేళ్ళు. ఎవరి నోట్లో ఏ మచ్చ ఉంది, అది పెరిగిందా, తగ్గిందా, పోయిందా, పుండైందా అని రాసుకున్నారు. దాంతో తేలిన విషయం ఈరోజు ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. నోటి క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఉన్నట్టుండి ఊడిపడదు. ముందు మచ్చగా వస్తుంది. నొప్పి పెట్టని మచ్చగా. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. ఆ ఏళ్ళన్నీ మనకు దొరికిన గడువు.

మచ్చ ఉంది కదా, అలవాటు మానేస్తే ఏమవుతుంది? అదీ వాళ్ళే అడిగారు. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,471 మందిని ఎంచుకుని, వాళ్ళ నోరు వాళ్ళకే చూపించి, మానమని ఓపిగ్గా చెబుతూ ఏటా పరీక్షించారు. చెప్పినచోట మానేసినవాళ్ళు పెరిగారు, కొత్త మచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రిక దాన్ని ప్రచురించింది. చెప్తే వినరండీ ఈ జనం అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తుంటారు. శ్రీకాకుళం పల్లెల్లో చదువురాని ఆడవాళ్ళు విన్నారు. చెప్పేవాళ్ళు ఏటా తిరిగి వచ్చారు గనుక విన్నారు.

ఇప్పుడు అడ్డపొగ తగ్గింది. నా చిన్నప్పుడు వీధికి పదిమంది కనిపిస్తే ఇప్పుడు ఊరికి కొద్దిమంది. కానీ దాని స్థానంలో గుట్కా వచ్చింది, ఖైనీ వచ్చింది, పొట్లాల్లో వక్కపొడి వచ్చింది. చుట్ట అంగిలిని కాల్చింది. ఇవి బుగ్గ సందులో, చిగురు పక్కన కూర్చుని కొరికేస్తున్నాయి. మా నాయనమ్మకు జబ్బు వచ్చింది అరవై దాటాక. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ముప్పై ఏళ్ళ ఆటో డ్రైవర్లున్నారు, కాలేజీ కుర్రాళ్ళున్నారు. పొగాకు లేకపోతే ఫరవాలేదనుకుని ఉత్త వక్క నమిలేవాళ్ళకు ఒక మాట. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. అదే సంస్థ అంచనా ప్రకారం 2020లో మన దేశంలో పెదవికి, నోటికి కొత్తగా క్యాన్సర్ వచ్చినవారు సుమారు 1 లక్షా 35 వేల మంది. భారతీయ పురుషుల్లో క్యాన్సర్లన్నిటిలోకీ మొదటి స్థానం దానిదే.

తల, మెడ క్యాన్సర్లు అని వైద్యులు కలిపి చెప్పేవాటిలో నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక, ముక్కు లోపలి గదులు, లాలాజల గ్రంథులు అన్నీ వస్తాయి. అమెరికా, ఐరోపాల్లో గొంతు వెనక భాగానికి వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి కారణం పాపిలోమా అనే వైరస్. అదే వైరస్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ కారణమని కనిపెట్టిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన దగ్గర మాత్రం ఈ జబ్బుల్లో పెద్ద వాటా ఇప్పటికీ పొగాకుది, వక్కది, మద్యానిది. వాటిలోనూ నోటి క్యాన్సర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. కడుపులో గడ్డను చూడాలంటే లోపలికి గొట్టం వేయాలి. ఊపిరితిత్తిని చూడాలంటే యంత్రం కావాలి. నోట్లో మచ్చను చూడటానికి కన్ను చాలు, టార్చిలైటు చాలు. అయినా మన రోగుల్లో సగానికి పైగా జబ్బు బాగా ముదిరాకే ఆసుపత్రి గడప ఎక్కుతున్నారు. ఇంతకు మించిన దుఃఖం నా వృత్తిలో నాకు లేదు.

మరి టార్చిలైటు పట్టుకుని చూస్తే నిజంగా ప్రాణాలు నిలుస్తాయా? ఇది నమ్మకం మీద వదిలేయదగ్గ ప్రశ్న కాదని తిరువనంతపురంలో కొందరు వైద్యులు అనుకున్నారు. డాక్టర్ శంకరనారాయణన్ నాయకత్వంలో 1996లో మొదలుపెట్టారు. 13 పంచాయతీలు తీసుకుని, ఏడింటిలో ముప్పై అయిదేళ్ళు దాటినవారందరి నోళ్ళూ చూడాలని, ఆరింటిలో మామూలుగా ఉన్న వైద్యమే కొనసాగనివ్వాలని నిర్ణయించారు. మొత్తం జనం 1,91,873 మంది. చూసింది పెద్ద డాక్టర్లు కాదు. డిగ్రీ చదివి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. మూడేళ్ళకొకసారి చొప్పున వెళ్ళారు. అనుమానం ఉన్నవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపారు. 2005లో ఫలితం వచ్చింది. పొగాకో మద్యమో అలవాటున్నవారిలో, నోరు చూసిన పంచాయతీల్లో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. ఏ అలవాటూ లేనివాళ్ళను కూడా కలుపుకుంటే తేడా అంత గట్టిగా నిలబడలేదు. ఆ మాట కూడా వాళ్ళు దాచలేదు. అందుకే ఆ పరిశోధన మీద నాకు గౌరవం. ఎవరి నోరు ముందు చూడాలో అది మనకు తేల్చి చెప్పింది.

మన దగ్గర ముప్పై దాటినవారికి నోటి పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు కూడా. పొద్దున్న పళ్ళు తోముకున్నాక అద్దం ముందు నిలబడి, ఫోన్‌లో లైటు వేసుకుని, బుగ్గను వేలితో పక్కకు లాగి రెండు వైపులా చూడండి. నాలుక పైకెత్తి కింద చూడండి, బయటికి చాపి అంచులు చూడండి, తల వెనక్కి వాల్చి అంగిలి చూడండి. తుడిస్తే పోని తెల్ల మచ్చ ఉందా? ఎర్ర మచ్చ ఉందా? తెలుపుకన్నా ఎరుపు ప్రమాదం, గుర్తుపెట్టుకోండి. రెండు మూడు వారాలైనా మానని పుండు ఉందా? పన్ను పీకించుకున్నచోట పూడకుండా అలాగే ఉందా? మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. పట్టకపోతే, ముఖ్యంగా వక్క నమిలేవాళ్ళకు, నోటి లోపలి పొర గట్టిపడుతోందని అర్థం. ఆ పైన మెడ తడుముకోండి. నొప్పి లేని బిళ్ళ ఏదైనా ఉందా? గొంతు మూడు వారాలు దాటి బొంగురుగా ఉందా? నొప్పి లేదు కదా అని మాత్రం వదిలేయకండి. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు.

ముక్క పరీక్ష అనేసరికి చాలామంది లేచి వెళ్ళిపోతారు. కత్తి పెడితే పాకుతుందండీ అంటారు. ఈ మాట నేను వందసార్లు విన్నాను. ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. కానీ ఆ భయంతో ఆర్నెల్లు ఆలస్యం చేసేలోపు అది మెడ బిళ్ళల్లోకి పాకుతుంది. అప్పుడు జనం ముక్క తీసినందువల్లే పాకిందంటారు. ఈ అపోహ ఎంతమందిని మింగిందో లెక్కలేదు.

మచ్చను గుర్తుపట్టడానికి కొత్త సాధనాలు వస్తున్నాయి. కణాలకు నీలిరంగు పట్టించి చూడటం, ప్రత్యేకమైన కాంతి వేసి చూడటం, ఉమ్మిలో జబ్బు ఆనవాళ్ళు వెతకడం. ఫోన్‌కు అమర్చిన పరికరంతో నోటి లోపల ఫొటో తీసి, అనుమానించాల్సిందో కాదో కంప్యూటరుతో చెప్పించే పద్ధతిని బెంగళూరు వైద్యులు, ఇంజనీర్లు జనం మధ్యకు తీసుకెళ్ళి పరీక్షించారు. ఫొటో చూసి చెప్పే నిపుణుడు దగ్గర్లో లేని ఊళ్ళకు అది పనికొస్తుందని నా ఆశ. అయితే ఏ పరికరమైనా నోరు తెరిచాకే కదా పని మొదలుపెట్టేది.

ఇక వైద్యం. అందులోనూ మన దేశంలో జరిగిన ఒక పనిని కాస్త నిదానంగా చెప్పాలి.

నోట్లో చిన్న గడ్డ ఉంది. మెడ తడిమితే ఏ బిళ్ళా చేతికి తగలడం లేదు. నోట్లో గడ్డ తీసేస్తారు, సరే. మెడను ఏం చేయాలి? కనిపించని కణాలు అప్పటికే మెడ బిళ్ళల్లోకి చేరి ఉండొచ్చు. అందుకని ఇప్పుడే మెడ కూడా కోసి బిళ్ళలు తీసేయాలా? లేక కోతలేకుండా వదిలి, బిళ్ళ కనిపించినప్పుడు తీద్దామని కనిపెట్టుకుని ఉండాలా? మెడ కోస్తే భుజం పట్టేయొచ్చు, నరం దెబ్బతినొచ్చు. అవసరం లేనివాళ్ళకు అంత బాధ ఎందుకని ఒక పక్షం. వదిలేస్తే చేయి దాటుతుందని మరో పక్షం. ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఈ వాదన నడిచింది. ఎవరి అనుభవం వారిది, ఎవరి గురువు మాట వారిది.

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్, ఆయన బృందం 2004లో దీన్ని తేల్చడానికి కూర్చున్నారు. రోగుల అనుమతితో, చీటీ వేసినట్టుగా వాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మెడ ఆపరేషన్ అప్పుడే, రెండో గుంపుకు అవసరం వచ్చినప్పుడు. సుమారు 500 మంది లెక్క తేలాక చూస్తే, ముందే మెడ బిళ్ళలు తీసినవారిలో మూడేళ్ళకు నూటికి 80 మంది బతికి ఉన్నారు. వేచి చూసినవారిలో 67 మందే. అంటే ప్రతి ఎనిమిది మందికి ముందుగా ఆ ఆపరేషన్ చేస్తే ఒక ప్రాణం నిలుస్తుంది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. అమెరికా క్యాన్సర్ వైద్యుల మహాసభ దాన్ని ప్రధాన వేదిక మీద చదివించింది. అంతకాలంగా సాగిన వాదన అక్కడ ముగిసింది. ఇంతమంది నోటి క్యాన్సర్ రోగులు ఒక్కచోట దొరకడం మన దురదృష్టం. ఆ దురదృష్టంలోంచి ప్రపంచానికంతటికీ పనికొచ్చే జవాబు తీశారు. ఆ ఎనిమిదో మనిషి ఇప్పుడు ఏ దేశంలోనైనా ఉండొచ్చు.

గొంతు సంగతి కూడా చెప్పాలి. నేను మాట్లాడుతున్నది రేడియోలో. మీకూ నాకూ మధ్య ఉన్నది గొంతొక్కటే. ఒకప్పుడు స్వరపేటికకు ముదిరిన క్యాన్సర్ వస్తే దాన్ని మొత్తం తీసేయడమే మార్గం. మనిషి బతుకుతాడు, మాట పోతుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల వైద్యులు 1991లో ఒక ఫలితం ప్రకటించారు. ముందు కీమో మందులు, తర్వాత మనవాళ్ళు కరెంటు పెట్టడం అనే రేడియేషన్ ఇచ్చి చూస్తే, నూటికి 64 మందికి స్వరపేటిక మిగిలింది, ఆయుష్షూ తగ్గలేదు. తీసేయక తప్పనివాళ్ళకు, మళ్ళీ మాట్లాడటానికి గొంతులో అమర్చే చిన్న గొట్టంలాంటి పరికరం ఉంది. దిగుమతి చేసుకుంటే వేల రూపాయలు. బెంగళూరు శస్త్రవైద్యుడు డాక్టర్ విశాల్ రావు అలాంటిదాన్ని వంద రూపాయల లోపు ఖర్చుతో తయారుచేయించి ఓం వాయిస్ అని పేరు పెట్టారు. మాట పోయిన కూలీ తన కూతుర్ని మళ్ళీ పేరు పెట్టి పిలవగలిగితే, దాని విలువ ఏ లెక్కలో వేస్తాం?

చివరగా మందుల మాట. ఇక్కడ కథ మళ్ళీ మన గడ్డ మీదికి వస్తుంది.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరుణ్ణి స్ప్రూ అనే జబ్బు పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బులో రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధనకు పెద్ద అయ్యాక, ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. స్ప్రూకు అది మందయింది. శరీరంలో కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణాలు మరీ తొందరగా చీలుతాయి కాబట్టి వాటికి మరీ కావాలి. అయితే ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, పని మాత్రం చేయని నకిలీని అందిస్తే? కణం దాన్ని నిజమనుకుని పట్టుకుంటుంది, చీలలేక ఆగిపోతుంది. సుబ్బారావు గారి బృందం అలాంటి నకిలీలను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ నకిలీల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్.

ముదిరి, తిరగబెట్టిన తల, మెడ క్యాన్సర్లకు చాలాకాలంగా వాడుతున్న మందుల్లో అదొకటి. ఎక్కడో పోగొట్టుకున్నదాన్ని వెతుక్కున్నట్టుగా, టాటా మెమోరియల్‌లో డాక్టర్ కుమార్ ప్రభాష్, డాక్టర్ వనితా నొరోన్హా, డాక్టర్ విజయ్ పాటిల్ దాన్ని కొత్త దారిలో వాడి చూశారు. ఒక్కసారిగా పెద్ద మోతాదు ఎక్కించడం కాకుండా, కొంచెం కొంచెంగా, విడవకుండా, బిళ్ళల రూపంలో. దానికి తోడు కీళ్ళనొప్పులకు వాడే సెలెకాక్సిబ్. అప్పటిదాకా సెలైన్లో ఎక్కిస్తున్న సిస్‌ప్లాటిన్‌తో 422 మంది రోగుల్లో పోల్చారు. 2020లో ప్రకటించిన ఫలితం: బిళ్ళలు మింగినవారు సగటున 7.5 నెలలు బతికారు, సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారు 6.1 నెలలు. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా బిళ్ళలతో తక్కువ. నెలన్నరేనా అనిపించవచ్చు. మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది నెలన్నర ఎంతో. పైగా ఆ నెలన్నర ఆసుపత్రి బెడ్డు మీద కాదు, ఇంటి అరుగు మీద.

తర్వాత ఇమ్యునోథెరపీ వచ్చింది. మన శరీరంలో రోగాలతో పోరాడే కణాలకు క్యాన్సర్ కణాలు కళ్ళెం వేస్తాయి. ఆ కళ్ళేన్ని తెంచే మందులు ఇవి. వీటికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. నివొలుమాబ్ అలాంటిదే. పనిచేస్తుంది, కానీ అప్పటి ధరకు మన రోగుల్లో నూటికి ముగ్గురు కూడా కొనుక్కోలేకపోయేవారు. మందు కనిపెట్టారు, అది ఉందని మనకు తెలుసు, అయినా మన పక్కింటి మనిషికి అందేది కాదు. ఇది చూస్తూ ఊరుకోవడం ఆ ముంబయి వైద్యుల వల్ల కాలేదు. అసలు అంత మోతాదు కావాలా అని అడిగారు. మామూలుగా ఇచ్చేదాంట్లో సుమారు 6 శాతం, మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. దానికి తోడు మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ బిళ్ళలు. ఇలా తీసుకున్నవారిలో ఏడాది తర్వాత నూటికి 43 మంది బతికి ఉన్నారు. నివొలుమాబ్ లేకుండా ఆ బిళ్ళలు మాత్రమే తీసుకున్నవారిలో 16 మంది. 2023లో అమెరికా క్యాన్సర్ వైద్యుల పత్రికలో ఇది వచ్చింది. 151 మందితో చేసిన ప్రయోగం, పెద్దది కాదు. మోతాదు ఎంత తగ్గించవచ్చో ఇంకా పరీక్షించాల్సిందే. కానీ ప్రశ్న అడిగినందుకే వాళ్ళకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. గోవిందరెడ్డి గారు ఎలా తాగుతారని అడిగినట్టే, వీళ్ళు ఎంత చాలు అని అడిగారు. అందులో ఒక బిళ్ళ భీమవరం మనిషి జట్టు చేతిలో పుట్టింది.

కిందటి ఏడాది మా ఊరికి దగ్గర్లో ఒక తీరపు పల్లెలో నోటి పరీక్షల శిబిరం పెట్టాం. బడి వరండాలో నాలుగు కుర్చీలు, రెండు టార్చిలైట్లు, ఒక డబ్బా నిండా చెక్క చెంచాలు. మధ్యాహ్నం దాటాక ఒక ముసలమ్మ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. ఆశా కార్యకర్త చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కొచ్చింది. పెదాల మధ్య చల్లటి కొస కనిపిస్తోంది. "ఓలమ్మా, ఆ సుట్ట తియ్యి, డాట్రుబాబు నోరు సూత్తాడంట" అంది ఆశా. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, చుట్ట తీసి వరండా అంచుకు నిప్పు కొస నొక్కి ఆర్పి, మిగిలిన ముక్కను చీర కొంగున కట్టుకుంది. మళ్ళీ పనికొస్తుందని కాబోలు. నోరు తెరిచింది.

నేను వంగి టార్చి వేశాను. తెల్లటి అంగిలి, ఎర్ర చుక్కలు. కుడివైపు వెనకగా, వేలిగోరంత ఎర్ర మచ్చ. వేలితో తడిమాను. మెత్తగానే ఉంది. మెడలో బిళ్ళలేమీ తగల్లేదు.

"నొప్పా?" అన్నాను.

"నొప్పెక్కడిది బాబూ," అంది.

అక్కడే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాను. పదిహేను రోజుల తర్వాత రమ్మన్నాను. వస్తుందన్న నమ్మకం నాకు లేదు. పదహారో రోజు పొద్దున్నే వచ్చింది, కొంగున చుట్ట ముక్క లేదు.